డిండి వేరు, దిండి వేరు

నల్లగొండ జిల్లా దేవరకొండ ప్రాంతమున డిండి కలదు. గోదావరి సముద్రములో కలియు చోటికి చేరువగా, కోనసీమలో దిండి కలదు. మొదటిది ‘డ’కారముతో మొదలగును, రెండవది ‘ద’కారముతో మొదలగును. అక్షరములు వచ్చిన బాలుడైనను ఈ రెంటిని వేరువేరుగా చదువగలడు. కాని ఇంగ్లీషు లిపిలో వ్రాసినచో రెంటికిని ఒక్క అక్షరమైనను భేదముండదు. నేడు జాబితాలు, బ్యాంకు పద్దులు, కంప్యూటరులోని పట్టికలు చాలవరకు ఆ లిపిలోనే తయారగుచున్నవి. కావున మన చెవికి, కంటికి స్పష్టముగా తెలియు భేదము కాగితము మీద మాయమగుచున్నది. మూడువందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న రెండు చోట్లు ఒకే చోటుగా కనబడుటకు వీలు కలుగుచున్నది. పటము తీసి డిండి నుండి నేరుగా తూర్పునకు గీత గీచినచో అది ఇంచుమించు దిండి దగ్గరకే చేరుట మరియొక వింత.

ఇది పండితుల వినోదమని పంచాయతీ సభ్యులు తలంపరాదు. పేరు తప్పిన కాగితము ఊరికి చేరదు. చేరినను పని కాలము దాటిన తరువాత చేరును. అంతకంటె ముఖ్యమైన సంగతి త్రాగునీటిది. నీటి పరీక్ష ఫలితము ఒక ఊరిది మరియొక ఊరి పేర నమోదైనచో, ఆ పొరపాటునకు పిల్లల పండ్లును, పెద్దల ఎముకలును మూల్యము చెల్లింపవలసి వచ్చును. అది ఎట్లో తెలియుటకు ముందుగా ఈ రెండు చోట్ల నేల, నీరు ఎట్టివో చూడవలెను.

ఏటి ఒడ్డు డిండి

మన డిండి అనగా ముందుగా ఏరు, ఆ పిమ్మట జలాశయము, ఆ పిమ్మట మండలము. పాలమూరు మెట్టలలో పుట్టిన ఈ ఏరు మిడ్జిల్, కల్వకుర్తి, వంగూరు ప్రాంతముల మీదుగా పారి, నల్లగొండ జిల్లాలో ప్రవేశించి, పూర్వపు దేవరకొండ తాలూకాలో కృష్ణను కలియును. వానలు పడిన నెలలలో పారుట, వేసవిలో ఇసుక చూపుట దీని స్వభావము. నిజాం ప్రభుత్వ కాలమున గుండ్లపల్లి వద్ద దీనికి అడ్డముగా జలాశయము కట్టిరి. అది నిండినచో సుమారు రెండున్నర టి.ఎం.సి.ల నీరు, అనగా 250 కోట్ల ఘనపుటడుగుల నీరు నిలుచును. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు యాత్రికులు బస్సు కిటికీలో నుండి చూచునది ఈ నీటినే. మంచి యేడు అలుగు దుముకును. చెడ్డయేడు అడుగు కనబడును. వాన మీది ఈ ఆధారమును తగ్గించి, కృష్ణ నీటిని పైకెత్తి మెట్టపొలములకు అందించు ఉద్దేశముతో డిండి ఎత్తిపోతల పథకమునకు 2015లో శంకుస్థాపన జరిగినది.

ఇచ్చటి నేల క్రింద నల్లరాయి కలదు. నీరు ఆ రాతి పగుళ్ళలో మాత్రమే నిలుచును. పగులు తగిలిన బోరునకు నీరు పడును. ప్రక్కనే పది గజముల దూరమున వేసిన బోరు ఎండిపోవును. రైతు అప్పుచేసి ఇంకను లోతునకు పోవును. రాతిలోని ఫ్లోరైడు నీటిలో కరగి పైకి వచ్చుట ఇచ్చటి కష్టము.

మొగ దగ్గరి దిండి

ఇక కోనసీమ దిండి సంగతి. ధవళేశ్వరము దాటిన తరువాత గోదావరి గౌతమి, వసిష్ఠ అను పాయలుగా చీలును. ఈ పాయలకును సముద్రమునకును నడుమనున్న పచ్చని ముక్క కోనసీమ. 2022లో ఇది ప్రత్యేక జిల్లా అయినది. నేడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు. దిండి వసిష్ఠ ఒడ్డున, మలికిపురము మండలమున కలదు. ఆవలి ఒడ్డున పశ్చిమగోదావరి వైపు చించినాడ. రెంటిని కలుపుచు పొడవైన వంతెన యున్నది. ఇంకను దిగువకు పోయినచో అంతర్వేది. అచ్చట లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు చేరువనే వసిష్ఠ సముద్రములో కలియును.

నది సముద్రములో కలియు ద్వారమును తీరవాసులు ‘మొగ’ అందురు. మొగ దగ్గరి నీటి నడక మెట్టప్రాంతము వారికి విచిత్రముగా తోచును. మన చెరువు అలుగు మీదుగా పోయిన నీరు పోవుటయే గాని తిరిగివచ్చుట మనమెరుగము. అచ్చట సముద్రము దినమునకు రెండుమారులు పోటెత్తి నదిని వెనుకకు త్రోయును. పాటు వచ్చినపుడు నది మరల ముందునకు సాగును. వానకాలమున గోదావరి బలముగా పారుచుండుటచే ఉప్పునీరు దూరము రాలేదు. వేసవిలో నది బలహీనమగును. అప్పుడు ఉప్పునీరు పాయ వెంబడి పైకి ప్రాకును. నేల క్రిందను ఇదే పోరాటము. వాననీరు, కాలువల నుండి ఇంకిన నీరు పైన తేటగా నిలుచును. దాని క్రింద ఉప్పునీరు పొంచియుండును. కొద్ది లోతున త్రవ్విన బావిలో తీపినీరు దొరకవచ్చును. ఆశకొలది లోతైన బోరు వేసినచో ఉప్పునీరు పైకి వచ్చును. కొబ్బరితోటలు, వరిచేలు, కాలువలు చూచి అచ్చట నీటికి కొదువ లేదని మెట్టవారు అనుకొనుట సహజము. నీరు పుష్కలమే, త్రాగుటకు పనికివచ్చు నీరు మాత్రము అచ్చటను వెదకి పట్టుకొనవలసినదే.

సీసా మీది చీటి

ఈ రెండు ఊళ్ళ నుండి రెండు సీసాల నీరు పరీక్షాలయమునకు వచ్చినవని అనుకొందము. రెండు సీసాల మీదను ఇంగ్లీషులో ఆ ఒక్క పేరే వ్రాసియున్నది. మండలము లేదు, జిల్లా లేదు, బావి గుర్తు లేదు. నిజమునకు రెండు రాష్ట్రముల సీసాలు ఒకే బల్లపైకి చేరుట అరుదు. కాని పట్టికలో ఫలితము ఎక్కించునపుడు, పేరునుబట్టి వెదకి దించునపుడు ఇట్టి చిక్కు కలుగుటకు సీసాలు కలిసియుండ నక్కరలేదు. ఒకే జిల్లాలో ఒకే పేరుగల రెండు ఊళ్ళున్నచో సీసాలే కలిసిపోవచ్చును.

ఉప్పునీటి విషయమున పొరపాటు జరిగినను నాలుక పట్టివేయును. గుటక వేసినవాడే ఉమ్మివేయును. ఫ్లోరైడు అట్టిది కాదు. దానికి రంగు లేదు, వాసన లేదు. నీటిలో ప్రమాదకరమైన మోతాదులో ఉన్నను రుచికి తెలియదు. కాచినంత మాత్రమున అది పోదు. నీరు ఆవిరియైపోగా మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును గూడ. భారతీయ ప్రమాణముల సంస్థ లెక్క ప్రకారము లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చును. వేరు ఆధారము లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు సహింపవచ్చును. అంతకు మించిన నీరు ఏండ్ల తరబడి త్రాగిన పిల్లల పండ్ల మీద మచ్చలు పడును. ఆ పిమ్మట నడుము వంగును, కీళ్ళు బిగియును. వంగిన ఎముకను మందు తిరిగి చక్కజేయలేదు. ఇది నల్లగొండ వారికి మేము క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు. మఱ్ఱిగూడ, మునుగోడు వైపు ఇంటింటను తెలిసిన కథయే.

అందుచేత “ఈ బోరునందు ఫ్లోరైడు హద్దులోనే యున్నది” అను ఫలితము వేరొక ఊరి బోరుదై, మన పేర వచ్చినచో ఎవరికిని అనుమానము కలుగదు. నాలుక చెప్పదు, కన్ను చెప్పదు, కాగితము మంచిదనుచున్నది. పదేండ్ల తరువాత పిల్లవాని పండ్లు చెప్పును. కుళాయిలలో కృష్ణ నీరు వచ్చుచున్న ఊళ్ళలో సయితము, పొలముల కడను, కుళాయి ఆగిన దినములలోను బోరునీరే త్రాగువారు కలరు గనుక ఈ జాగ్రత్త నేటికిని వలయును.

ఈ సందర్భమున మరియొక పేరు ముచ్చట చెప్పకుండ ఉండలేము. పటికను, సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వారు రూపొందించిరి. దానికి వారు పెట్టిన పేరు ‘నల్లగొండ పద్ధతి’. తూర్పు ఆఫ్రికాలోని టాంజానియా, ఇథియోపియా దేశములలో గూడ ఆ పేరుతోనే దానిని ఎరుగుదురు. అచ్చటి ఇంజనీరు ‘నల్లగొండ’ అన్నచో ఊరు కాదు, పటికయు సున్నమును కలిపిన తొట్టి. మన జిల్లా పేరు సముద్రము దాటి పోయినందుకు సంతోషింపవచ్చును గాని, అది ఏ కారణమున పోయినదో తలచినపుడు ఆ సంతోషము సగమగును.

చుట్టరికము లేని చుట్టములు

పేరు పోలికను జూచి చుట్టరికము కలుపు అలవాటు మనలో బలముగా నున్నది. డిండి, దిండి ఒకే మాట నుండి వచ్చినవని, ఇచ్చటివారే అచ్చటికి వలసపోయి ఆ పేరు పెట్టినారని కథ అల్లుట ఎవరికైనను సులభము. శాసనమో, దస్తావేజో చూపనిదే అట్టి కథలను పంచాయతీ చరిత్ర పుస్తకమున వ్రాయింపరాదని మా అభిప్రాయము. కృష్ణా డెల్టా తీరమున నిజాంపట్నము మండలములో గూడ ఒక దిండి కలదు. మన డిండి ఏటి నీరు కృష్ణలో కలిసి, హంసలదీవి వైపున సముద్రము చేరుచున్నది. ఆ తీరమునకు ఆ దిండి చాల దూరము కాదు. అంత మాత్రమున ఏరు తన పేరును మోసికొనిపోయి అచ్చట దింపినదని చెప్పవచ్చునా?

మహారాష్ట్రమున పండరిపురమునకు పాటలు పాడుచు కాలినడకన పోవు భక్తుల గుంపును ‘దిండి’ అందురు. పండరిపురము భీమానది ఒడ్డున నున్నది. ఆ భీమ మన నారాయణపేట జిల్లా సరిహద్దున కృష్ణలో కలియును. నీటికి చుట్టరికము కలదు గాని మాటకు లేదు. తమిళనాడున దిండిగల్ అను జిల్లా పట్టణము కలదు, తాళములకు ప్రసిద్ధి. అచ్చటి కొండ దిండువలె నుండుటచే ఆ పేరు వచ్చినదని స్థానికులు చెప్పుదురు. హైదరాబాదు చెంత వాయుసేన విద్యాలయము గల దుండిగల్ మరియొకటి. గుజరాతు తీరమున గాంధీజీ 1930 ఏప్రిల్ 6న ఉప్పు గ్రహించిన ఊరు దండి. దశకుమారచరిత్రమను సంస్కృత కావ్యము వ్రాసిన కవియు దండియే. దానిని తెలుగు చేసిన కేతనకు అభినవదండి అని బిరుదు. వీటిలో దేనికిని మన డిండితో సంబంధము లేదు. పాలమూరు రైతు “ఈ యేడు వానలు దండిగా పడినవి” అన్నచో అది ఊరు కాదు, కవి కాదు, సమృద్ధి. ఆ మాట ప్రతియేట వినవలెనని మా కోరిక.

దుందుభి పేరును అంతే. పాలమూరు వారికి అది ఏరు. రామాయణమున వాలి చేతిలో మరణించిన రాక్షసుడు దుందుభి. భేరికి ఆ పేరు కలదు. అరువది సంవత్సరములలో ఒకటి దుందుభి నామ సంవత్సరము. 1982 ఉగాది నాడు మొదలైనది అదియే. ఇచ్చట చిక్కు తలక్రిందులుగా నున్నది. రెండు ఊళ్ళకు ఒకే పేరుండుట ఒక చిక్కు. ఒక ఏటికి రెండు పేర్లుండుట రెండవ చిక్కు. నాగర్‌కర్నూలు జిల్లా పంచాయతీ “దుందుభి”లో ఇసుక తరలిపోవుటను గూర్చి తీర్మానించి, నల్లగొండ జిల్లా పంచాయతీ “డిండి”లో నీరు తగ్గుటను గూర్చి తీర్మానించినచో, ఆ రెండు తీర్మానములు ఒకే ఏటిని గూర్చినవని పైనున్న అధికారికి తోచకపోవచ్చును. “దుందుభి (డిండి) ఏరు” అని ఇరువురును వ్రాసినచో ఆ ఇబ్బంది తీరును.

మూసీలు, వాడపల్లులు

మూసీ విషయమును ఇట్టిదే. అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నడుమ పారి, 1908 సెప్టెంబరులో ఆ నగరమును ముంచి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా వచ్చి కృష్ణలో కలియు మూసీ మనకు తెలిసినది. ఒంగోలు ప్రాంతమున వేరొక మూసీ కలదు. అది కృష్ణలో కలియదు. తన దారిన తాను పోయి బంగాళాఖాతమున కలియును. 1956 నుండి 2014 వరకు ఈ రెండు మూసీలును ఒకే రాష్ట్రములో ఉండెను. కృష్ణా జలములను పంచిన బచావత్ న్యాయమండలి నదీ ప్రాంతమును పండ్రెండు భాగములుగా విభజించి వాటికి అంకెలు వేసినది. మన మూసీ పదియవది. డిండి ఏడవ భాగమైన దిగువ కృష్ణలోనిది. ఒంగోలు మూసీకి ఆ పట్టికలో తావే లేదు. నీటి వాటాలు లెక్కించువారు పేరును నమ్మక అంకెను పట్టుకొనుట గమనింపదగినది.

మూడవ మూసీ ఇంకను దూరమున, ఇండోనేషియాలోని సుమత్రా ద్వీపమున కలదు. పాలెంబాంగ్ నగరము దాని ఒడ్డున నున్నది. ఏడవ శతాబ్దమున శ్రీవిజయ రాజ్యమునకు అది ముఖ్యస్థానము. ఆ నదీముఖమున మడ అడవులు, బురదనేలలు, పోటుపాటులు ఉండును. కోనసీమవారు చూచినచో తమ ఊరే అనుకొందురు. సూర్యాపేటవారు చూచినచో ఇది తమ మూసీ కాదని మొదటి చూపులోనే చెప్పుదురు.

మూసీ కృష్ణలో కలియు చోట దామరచర్ల మండలమున వాడపల్లి కలదు. రెండు నదుల కలయికయు, పాత దేవాలయములును అచ్చట నున్నవి. కోనసీమ జిల్లా ఆత్రేయపురము మండలమున, గౌతమి ఒడ్డున మరియొక వాడపల్లి కలదు. అచ్చట వేంకటేశ్వరస్వామికి ఏడు శనివారములు మ్రొక్కుకొందురు. డిండి, దిండి విషయమున తెలుగు లిపి మనలను కాపాడినది. ఇచ్చట తెలుగు లిపియు కాపాడలేదు. రెండును వాడపల్లియే, రెండును నది ఒడ్డుననే, రెంటను ప్రసిద్ధ దేవాలయములే. “వాడపల్లి వద్ద నది పొంగుచున్నది” అని ఫోనులో వార్త వచ్చినచో ఏ నదియో అడుగక పశువులను తోలుకొని పోవువాడును, మనది కాదులే అని పడుకొనువాడును ఇరువురు నష్టపోవుదురు. రెండవవాని నష్టము పెద్దది. వార్తలో నది పేరు, మండలము పేరు లేనిచో, దానిని పదిమందికి పంపుటకు ముందు తహశీలుదారు కార్యాలయమును అడుగుట సర్పంచి విధి. “మూసీ గేట్లు ఎత్తిరి” అను వార్తకును ఇదే వర్తించును. హైదరాబాదు పైనున్న జలాశయముల గేట్లకును, సూర్యాపేట వద్ద మూసీ ప్రాజెక్టు గేట్లకును నడుమ చాల దూరము కలదు. నీరు చేరు వేళ వేరు. హెచ్చరింపవలసిన ఊళ్ళు వేరు.

కాగితము మీద ఎట్లు వ్రాయవలెను

పోలిక పేర్లను మార్చివేయవలెనని మేము చెప్పుట లేదు. పేరు ఊరి ఆస్తి. దానికి తోడుగా గుర్తులు చేర్చవలెను, అంతియే.

మండల కేంద్రమైన గుండ్లపల్లినే చూడుడు. ఒంగోలు దగ్గర సయితము ఒక గుండ్లపల్లి కలదు గనుక ‘గుండ్లపల్లి (డిండి)’ అని వ్రాయు వాడుక ఏర్పడినది. అది మంచి వాడుక. పిన్ కోడు 1972 ఆగస్టు 15న వచ్చినది. మొదటి మూడంకెలు 508 అయినచో నల్లగొండ వైపు, 509 అయినచో మహబూబ్‌నగర్ వైపు, 533 అయినచో గోదావరి వైపు అని తపాలావారికి తెలియును. కాని పిన్ కోడు తపాలా కార్యాలయమునకు గుర్తు గాని ఊరికి గుర్తు కాదు. ఒకే కోడు క్రింద పెక్కు ఊళ్ళుండును. ప్రతి గ్రామ పంచాయతీకి కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖ వారి స్థానిక ప్రభుత్వముల పట్టికలో ప్రత్యేకమైన అంకె కలదు. ఆ అంకె మరియొక పంచాయతీకి ఉండదు. మీ కార్యదర్శి నడిగి దానిని తెలిసికొని, కార్యాలయపు గోడ మీద వ్రాయింపుడు.

జిల్లాల మార్పు మరియొక చిక్కు తెచ్చినది. 2016 అక్టోబరు 11న నల్లగొండ నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరుపడినవి. 2019లో నారాయణపేట ఏర్పడినది. పాత దస్తావేజులో మహబూబ్‌నగర్ జిల్లా అని, క్రొత్త అర్జీలో నాగర్‌కర్నూలు జిల్లా అని ఉన్నచో రెండు వేరు ఊళ్ళని భ్రమపడుటకు వీలున్నది. “నాగర్‌కర్నూలు జిల్లా, పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా” అని ఒకసారి వ్రాసినచో తీరిపోవును. ఇట్లే 2018 ఆగస్టు 2 నుండి నాలుగువేలకు పైగా క్రొత్త పంచాయతీలు వచ్చినవి. వాటిలో తండాలు పెక్కు. తండాకు పూర్వపు నాయకుని పేరే ఊరి పేరగుట వాడుక గనుక, దేవరకొండ వైపు ఒకే పేరుగల తండాలు కనబడుట ఆశ్చర్యము కాదు. అట్టి పంచాయతీలు తీర్మానమున తమ పేరుతో పాటు తాము ఏ పంచాయతీ నుండి వేరుపడినవో గూడ కొన్నాళ్ళ పాటు వ్రాయుచుండుట మేలు.

నీటి సీసా విషయమున ఇంకను కొంత చెప్పవలెను. ఫ్లోరైడు పరీక్షకు గాజుసీసా వలదు. ప్లాస్టిక్ సీసా తీసికొనవలెను. బోరును కొన్ని నిమిషములు వదలి, ఆ నీటితోనే సీసాను రెండు మూడుమారులు కడిగి, ఆ పిమ్మట నింపవలెను. చీటి మీద ఊరు, ఆవాసము, మండలము, జిల్లా, పంచాయతీ అంకె, బోరు ఎచ్చట నున్నదో తెలుపు గుర్తు, తేది, నీరు పట్టినవారి సంతకము ఉండవలెను. ఊరి పేరు తెలుగులోను, ఇంగ్లీషులోను రెండు విధముల వ్రాయవలెను. తడిసినను చెదరని సిరాతో వ్రాసి, చీటిని మూతకు గాక సీసా ఒంటికి అంటింపవలెను. పరీక్షాలయమున మూతలు తీసి ప్రక్కన పెట్టుదురు.